కణానికి పదివేల మరమ్మతులు

నేను గాలి అమ్ముకుని బతుకుతున్నాను. ఈ మాట విని కొత్తవాళ్ళు నవ్వుతారు. నవ్వడానికి కూడా గాలే కావాలి కాబట్టి నాకు అభ్యంతరం లేదు. నా పేరు కొత్తమాసు ఆదిశేషయ్య. కుదురుపేటలో పాత బస్టాండు వెనక ఆక్సిజన్ సిలిండర్ల కొట్టు నాదే. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ వ్యాపారం చేయడంతో ఏ మనిషిని చూసినా గంటల్లో లెక్క కట్టడం అలవాటైపోయింది. పెద్ద సిలిండర్లో ఏడు వేల లీటర్లు ఉంటుంది. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున రోజుకి పదహారు గంటలు పీలిస్తే మూడున్నర రోజుల మీద కాస్త వస్తుంది. అంటే వారానికి రెండు సిలిండర్లు. ఎస్తేరు టీచరు గారి లెక్క అది.

టీచరు గారు మిషన్ స్కూల్లో నాకు ఏడో తరగతిలో లెక్కలూ సైన్సూ చెప్పింది. హాస్టల్ వార్డెనుగా కట్టెపొయ్యిల పొగలో ఇరవై ఏళ్ళు నిలబడి ఊపిరితిత్తులు పోగొట్టుకుంది. ఇప్పుడు డెబ్భై నాలుగేళ్ళు. గాలిలోంచి ఆక్సిజన్ తీసే కరెంటు మిషను ఒకటి కొనుక్కుంది గానీ మా ఊరి వోల్టేజీకి అది రెండు నెలల్లో కాలిపోయింది. ఊరు మొత్తానికి ఇంట్లో సిలిండర్ పెట్టుకున్నది ఆవిడొక్కతే. నేను వెళ్ళి సిలిండర్ మార్చినప్పుడల్లా ముక్కు దగ్గర గొట్టం సర్దుకుంటూ, "ఏరా శేషూ, ఏడు వేలని నూట ఇరవైతో భాగించు" అంటుంది.

"యాభై ఎనిమిది గంటలండీ."

"శేషం?"

"నలభై."

"ఆ నలభై లీటర్లూ నువ్వు మింగేద్దామనేనా చెప్పకుండా ఊరుకున్నావు?"

ఇలా సాగిపోతున్న మా ఇద్దరి మధ్యలోకి సైన్సు దినోత్సవం వచ్చి పడింది.

మా మునిసిపల్ కమిషనర్ నిరంజన్‌బాబు గారికి వినూత్న పురపాలక సంఘం అవార్డు మీద మనసు. కిందటేడు పక్క మునిసిపాలిటీ వాళ్ళు కాకుల జనాభా లెక్క తీసి ఆ అవార్డు కొట్టేశారు. అప్పటినుంచీ ఈయనకి నిద్ర లేదు. సైన్సు దినోత్సవానికి కౌన్సిల్ హాల్లో ఉపన్యాసం పెట్టించి, యూనివర్సిటీ నుంచి డాక్టర్ మెహరున్నీసా గారిని పిలిపించారు. వెలిగీ వెలగని అగరుబత్తిని ఆక్సిజన్ గాజుకుప్పెలో పెడితే భగ్గున మండుతుందని ఆవిడ చూపించాలి. అందుకని నా దగ్గర్నుంచి చిన్న సిలిండర్ ఒకటి తెప్పించారు. సిలిండర్ ఎక్కడుంటే నేనక్కడుంటాను కాబట్టి వెనక బెంచీలో కూర్చున్నాను.

అగరుబత్తి మండింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టింది.

"మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ చిన్న చిన్న పొయ్యిలున్నాయి. తిన్నదాన్ని మండించి శక్తి తీసేవి అవే. దానికి ఆక్సిజన్ కావాలి. పని సరిగ్గా జరిగితే ఆక్సిజన్ చివరికి నీరవుతుంది. కానీ పొయ్యి అన్నాక నిప్పురవ్వలు ఎగురుతాయి కదా. దారిలో ఒక ఎలక్ట్రాను జారి ఆక్సిజన్ మీద పడిందనుకోండి, అది నిలకడ లేనిదైపోతుంది. బస్సులో సీటు దొరకనివాడిలాగా పక్కవాడి సీటు లాక్కుంటుంది. సీటు పోయినవాడు ఇంకొకడి మీద పడతాడు. అలా పోయి పోయి డీఎన్ఏ మీద పడుతుంది."

డీఎన్ఏ అంటే ఒళ్ళు ఎలా కట్టాలో రాసిపెట్టిన పుస్తకమనీ, అందులో నాలుగే అక్షరాలనీ, వాటిలో జి అనే అక్షరానికి దెబ్బ తొందరగా తగులుతుందనీ చెప్పింది. దెబ్బతిన్న జి ఎదురుగా, నకలు రాసేటప్పుడు ‘సి’ పెట్టాల్సిన చోట ‘ఏ’ పడిపోవచ్చు. ఒక్క అక్షరం తప్పు. అలాంటి తప్పులు పేరుకుంటే ముసలితనానికీ కొన్ని కేన్సర్లకీ దారి తీయొచ్చు.

"ఒక అంచనా ప్రకారం ఒక్కో కణంలో రోజుకి పదివేల దెబ్బలు" అని ఆవిడ అనేసరికి కమిషనర్ గారు లేచి నిలబడ్డారు.

"ఊరు మొత్తంలోనా మేడం?"

"కాదండీ, ఒక్క కణంలో."

"మనిషికి ఎన్ని కణాలు?"

"సుమారు ముప్పై లక్షల కోట్లు."

మునిసిపల్ ఇంజినీరు కోదండపాణి గారు అరచేతి మీద సున్నాలు వేసుకుంటూ మణికట్టు దాటి మోచేతి దాకా వెళ్ళాడు. కమిషనర్ గారి ముఖంలో నేను ఆ వెలుగు చూశాను. కాకులు ఎక్కడ, ముప్పై లక్షల కోట్లు ఎక్కడ!

"మిగతాది భోజనాల తర్వాత" అంది మెహరున్నీసా గారు.

ఇక్కడ మా మునిసిపాలిటీ పద్ధతి ఒకటి చెప్పాలి. ఏ సభకైనా కార్యక్రమ నివేదిక ముందురోజే టైపు చేసి ఉంచుతారు. దాని చివరి వాక్యం ఎప్పుడూ ఒకటే: "విందుతో సభ ముగిసినది." కాబట్టి విందు తర్వాత ఎవరైనా హాల్లోకి వస్తే అది నివేదికకి విరుద్ధం. గోంగూర మాంసం, గారెలు, పెరుగు అన్నం అయ్యాక అధికారులందరూ నియమం ప్రకారం ఇళ్ళకి వెళ్ళిపోయారు. మళ్ళీ హాల్లో కూర్చున్నది ముగ్గురం. సిలిండర్ తీసుకెళ్ళాల్సిన నేను, వైర్లు చుట్టుకోవాల్సిన మైకుసెట్టు నాగూర్, ఊడ్వాల్సిన పోలమ్మ.

మెహరున్నీసా గారు మా ముగ్గుర్నీ చూసి నిట్టూర్చి, అయినా చెప్పింది.

"ఇందాక దెబ్బల గురించి చెప్పాను. అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. ఆ దెబ్బల్ని బాగుచేసే పనివాళ్ళు కణంలోనే ఉంటారు. ఎంజైములంటాం. డీఎన్ఏ పోగు వెంట జరుగుతూ చెడిన అక్షరాన్ని వెతికి, దాన్ని కత్తిరించి, ఎదుటి పోగు చూసి సరైన అక్షరం పెట్టి అతుకుతాయి. దాదాపు ఎన్ని దెబ్బలో అన్ని మరమ్మతులు. ఏవో కొన్నే మిగిలిపోతాయి. ఈ పనికి శక్తి ఎక్కణ్ణించి వస్తుందనుకున్నారు? ఆ పొయ్యిల్లోంచే. ఆక్సిజన్ లేకపోతే మరమ్మతు కూడా లేదు."

పోలమ్మ చీపురు ఒళ్ళో పెట్టుకుని శ్రద్ధగా వింది. "మరి ఆళ్ళకి సెలవులుంటాయామ్మా?"

"ఉండవమ్మా."

"మెచ్చుకునేవోళ్ళు?"

"ఎవరికీ తెలీనే తెలీదు."

"అయితే మా డిపాట్మెంటే" అని పోలమ్మ లేచి ఊడవడం మొదలుపెట్టింది.

మూడోనాడు తీర్మానం వచ్చింది. నా కొట్టు తలుపు మీద అతికించిన కాగితంలో ఇలా ఉంది: "ఆక్సిజన్ అను వాయువు పౌరుల డీఎన్ఏకు ప్రతిదినము నష్టము కలిగించుచున్నట్లు నిపుణుల ద్వారా నిర్ధారణ అయినందున, కుదురుపేట పురపాలక పరిధిలో పౌరులు సదరు వాయువును మితిమీరి వినియోగించరాదని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

మితి ఎంత అన్నది చెప్పలేదు. చెప్పకపోవడం మంచిదే అనుకున్నాను. నా అంచనా తప్పింది. మితి చెప్పకపోతే ప్రతి గుమాస్తాకీ ఒక మితి ఉంటుంది.

మొదట పార్కులో నడకదారి మూసేశారు. వేగంగా నడిచేవాడు ఎక్కువ పీలుస్తాడని. నవ్వుల క్లబ్బుని రద్దు చేశారు. యోగా మాస్టారికి రాతపూర్వకంగా ఆదేశం వెళ్ళింది: "రేచకము యథావిధిగా కొనసాగించవచ్చును. పూరకమునకు విడిగా దరఖాస్తు చేసుకొనవలెను." ఆయన రెండు రోజులు వదలడం మాత్రమే నేర్పి మూడోరోజు పడకేశాడు. పెళ్ళిళ్ళలో సన్నాయి ఊదేది బయటికే కాబట్టి దానికి ఒప్పుకున్నారు. పీల్చడం మాత్రం పందిరి అవతలికి వెళ్ళి పీల్చి రావాలన్నారు. ముహూర్తం వేళకి సన్నాయి విద్వాంసుడు పందిరి గుంజ దాటి పరిగెత్తడం, వెనక్కి పరిగెత్తడం నేనే చూశాను.

కబడ్డీకి మాత్రం గొప్ప రోజులొచ్చాయి. కూతకెళ్ళినవాడు ఊపిరి తీసుకోకుండా ఆడతాడు గనక దాన్ని డీఎన్ఏ అనుకూల క్రీడగా ప్రకటించారు. మునిసిపల్ ఆఫీసు మెట్ల మీద జనం "కబడ్డీ కబడ్డీ" అంటూ ఎక్కితే అర్జీ తొందరగా తీసుకునేవాళ్ళు.

తర్వాత చెట్ల వంతు. ఉద్యానవన విభాగం వాళ్ళు రోడ్డు పక్క వేపచెట్లకి మేకులు కొట్టి నోటీసులు తగిలించారు: "అనుమతి లేకుండా పగటిపూట ఆక్సిజన్ ఉత్పత్తి చేయుచున్నందున ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను." ఏడు రోజుల్లో ఏ చెట్టూ సంజాయిషీ ఇవ్వలేదు. మౌనాన్ని నేరాంగీకారంగా భావించి కొమ్మలకి గోనెపట్టాలు కప్పారు. ఇంత కష్టం మధ్యలో మునిసిపల్ సిబ్బంది మొత్తాన్ని ఆదర్శ పౌరులుగా గుర్తించి పతకాలిచ్చారు. కదలకుండా కూర్చున్న మనిషి అతి తక్కువ ఆక్సిజన్ వాడతాడన్నది శాస్త్రం. ఆ శాస్త్రాన్ని వాళ్ళు చాలాకాలం ముందునుంచే పాటిస్తున్నారు.

ఇదంతా చూసి నేను నవ్వుకున్నానంటే అబద్ధం కాదు. సోమవారం పొద్దున నా కొట్టుకి సీలు పడేదాకా నవ్వుకున్నాను.

లోపల నలభై సిలిండర్లు. బయట నేను. ఎస్తేరు టీచరు గారింట్లో సగం సిలిండర్. అంటే ఇరవై తొమ్మిది గంటలు. ఊరి ఆసుపత్రికి మినహాయింపు ఇచ్చారు గానీ లోపల ఉన్న రోగులకే. కొత్తగా చేరేవాళ్ళకి జన్యు పరిరక్షణ కమిటీ అనుమతి కావాలి. పొలిమేర చెక్‌పోస్టులో అంబులెన్సుల సిలిండర్లు కూడా దింపేస్తున్నారు. ఆవిడ ఇక్కడ ఉండటానికీ లేదు, ఇంకో ఊరు వెళ్ళడానికీ లేదు.

తిన్నగా కమిషనర్ గారి గదికి వెళ్ళాను. గది బయట జామకాయల బుట్ట పెట్టుకుని ఒకామె కూర్చుని ఉంది. ఆక్సిజన్ నష్టాన్ని అడ్డుకుంటాయని లోపలికి వెళ్ళే ప్రతివాడూ జామకాయ ఒకటి తిని వెళ్ళాలట. తిన్నాను. పచ్చికాయ.

"సార్, ఎస్తేరు టీచరు గారు తెలుసు కదండీ. ఆవిడకి సిలిండర్ కావాలి."

కమిషనర్ గారు ఫైలు తెరిచారు. "చూడండి ఆదిశేషయ్య గారూ, సామాన్య పౌరుడు పీల్చే గాలిలో ఆక్సిజన్ ఇరవయ్యొక్క శాతం. మీ సిలిండర్లో ఎంత?"

"తొంభై తొమ్మిది సార్."

"అంటే సుమారు ఐదు రెట్లు. ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, సమాజానికి ఆదర్శంగా ఉండవలసిన వ్యక్తి, సాటి పౌరుల కంటే ఐదు రెట్లు నిబంధన ఉల్లంఘిస్తే ఎలా?"

"ఆవిడ రక్తంలోకి చేరేది మనకంటే తక్కువ సార్. ఆ లోటు పూడ్చడానికే సిలిండర్. లేకపోతే ప్రాణం పోతుంది."

"ప్రాణం విషయం మా పరిధిలోకి రాదు. మా తీర్మానం డీఎన్ఏ వరకే." ఆయన గొంతు తగ్గించారు. "నాకూ బాధగానే ఉందండీ. ఆవిడ డీఎన్ఏకి ఎలాంటి నష్టమూ జరగడం లేదని కమిటీ సర్టిఫికెట్ ఇస్తే ఈ క్షణం విడుదల చేస్తాను."

"కమిటీలో ఎవరున్నారు సార్?"

"ఇంకా వేయలేదు."

నేను తీర్మానం చూసిన రోజే మెహరున్నీసా గారికి ఫోన్ చేసి రాయించుకున్న ఉత్తరం బయటికి తీశాను. కణంలో మరమ్మతు ఎలా జరుగుతుందో, దానికి ఆక్సిజన్ ఎందుకు కావాలో ఆవిడ రెండు పేజీల్లో రాసింది. కమిషనర్ గారు మొత్తం చదివారు. కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ఈ సంగతి ఎప్పుడు చెప్పారు ఆవిడ?"

"ఆరోజే సార్. భోజనాల తర్వాత."

ఆయన నివేదిక తీసి చివరి వాక్యం మీద వేలు పెట్టారు. "విందుతో సభ ముగిసినది. ముగిసిన సభలో చెప్పిన విషయాన్ని నేనెలా పరిగణనలోకి తీసుకోను? రేపు ఆడిట్లో అడిగితే ఎవరు విన్నారని చెప్పాలి?"

"నేను విన్నాను సార్. నాగూర్ విన్నాడు. పోలమ్మ వింది."

"కోరం లేదు" అన్నారాయన, నిజంగానే విచారంగా.

టీచరు గారింటికి వెళ్ళేసరికి ఆవిడ అప్పటికే మీట కాస్త తిప్పి ఒకటిన్నరకి పెట్టుకుని ఉంది. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. జరిగింది చెప్పాను. ఆవిడ నవ్వబోయి దగ్గింది.

"మూడు వేల ఐదొందల్ని తొంభైతో భాగించు."

"టీచర్, ఇప్పుడా?"

"ఇప్పుడు కాక ఎప్పుడురా?"

"ముప్పై తొమ్మిది గంటలు. మీరు రెండుకి పెట్టుకోండి ముందు. నేనేదో చేస్తాను."

"ఏం చేస్తావు? ఏడో తరగతిలోనూ ఇదే మాట అనేవాడివి. పరీక్షలో తెల్లకాగితం ఇచ్చేవాడివి." ఆవిడ మాట మాటకీ ఆగి గాలి తీసుకుంటోంది. "ఒరే, అతనికి సైన్సు చెప్పకు. నేను ముప్పై మూడేళ్ళు చెప్పాను. కొన్ని బుర్రలకి ఎక్కదు. అతనికి తెలిసిన దాంట్లో చెప్పు. మరమ్మతు అంటే మీ మునిసిపాలిటీలో ఎవరు చూస్తారు?"

"ఇంజినీరింగు సెక్షను."

"కమిషనర్ దగ్గర ఎందుకు కూర్చున్నావు మరి, బుద్ధిలేకుండా?"

మంగళవారం పొద్దున కోదండపాణి గారి టేబులు ముందు ఉన్నాను. ఆయన పైపులు పగిలిన దరఖాస్తులు చూస్తున్నాడు. నేను ఒకే ఒక వాక్యం చెప్పాను: "సార్, ఊళ్ళో ప్రతి మనిషికీ ఒక్కో కణంలో రోజుకి పదివేల మరమ్మతులు అవసరమని నిపుణులు రాసిచ్చారు."

ఆయన పెన్ను మూత తీశాడు. అరవై రెండు వేల జనాభా. మనిషికి ముప్పై లక్షల కోట్ల కణాలు. కణానికి పదివేలు. కాగితం చాలక ఇంకో కాగితం అతికించాడు. చివరికి నూట ఎనభై ఆరు పక్కన ఇరవై సున్నాలు వచ్చాయి. రోజుకి.

"ఆదిశేషయ్య గారూ," అన్నాడు పెన్ను కింద పెట్టి, "నా సర్వీసులో పెద్ద పని వాటర్ ట్యాంకు. ఇంత పని రాష్ట్రంలో ఎవరూ అంచనా వేసి ఉండరండీ."

"అత్యవసర పని సార్. ఆలస్యమైతే దెబ్బలు పేరుకుపోతాయి."

"అత్యవసరమైతే ఒక్కరోజు టెండరు పిలవచ్చు."

పిలిచాడు. టెండరు వేయడానికి నేనూ, మురుగుకాల్వల కాంట్రాక్టరు ఒకాయనా వచ్చాం. ఆయన పని స్వభావం వివరంగా చదువుకుని, "జేసీబీ లోపలికి పడుతుందా?" అని అడిగాడు. పట్టదని తెలిసి వెళ్ళిపోయాడు. ఇలాంటి పనిలో పూర్వానుభవం ఉన్నట్టు రుజువు కావాలన్నారు. యాభై ఏడేళ్ళుగా నా సొంత ఒంట్లో ఇదే పని ఒక్కరోజు విరామం లేకుండా జరుగుతోందని రాసి జనన ధ్రువపత్రం జత చేశాను. రేటు గడిలో "ఉచితం" అని రాశాను.

"సామగ్రి?" అన్నాడు కోదండపాణి గారు. "రోడ్డుకి సిమెంటు, ఇనుము శాఖే ఇస్తుంది. దీనికి శాఖ ఏమివ్వాలి?"

"ఆక్సిజన్ సార్. పనివాళ్ళు దానిమీదే నడుస్తారు."

ఆయన సున్నాలు మళ్ళీ లెక్కపెట్టుకుంటూ, తల ఎత్తకుండానే "ఆక్సిజన్, అవసరమైనంత" అని రాసి సంతకం పెట్టాడు. ఆ కింద మామూలుగా ఉండే షరతు ఎలాగూ అచ్చయ్యే ఉంది. సామగ్రి సకాలంలో అందకపోతే జరిగే జాప్యానికి సంబంధిత అధికారి వ్యక్తిగతంగా బాధ్యుడు.

బుధవారం పదకొండింటికి ఆ కాగితం కమిషనర్ గారి ముందు పెట్టాను. అప్పటికి టీచరు గారి దగ్గర గంటన్నర కంటే లేదు.

"ఆక్సిజన్ వాడరాదని తీర్మానం ఉంది కదా" అన్నారాయన.

"పౌరులు మితిమీరి వాడరాదని ఉంది సార్. ఇది పౌరులు వాడేది కాదు. మరమ్మతు పని సామగ్రి. ఎస్తేరు టీచరు గారు ఇక్కడ పౌరురాలు కూడా కాదు. సైట్ నంబరు ఒకటి."

ఆయన షరతు దగ్గర 'వ్యక్తిగతంగా' అన్న మాట మీద ఆగారు. తర్వాత పని పేరు చదివారు: 'సమగ్ర పౌర డీఎన్ఏ మరమ్మతు'. పెదవులు కదిలాయి. మళ్ళీ చదివారు. ఆయన కళ్ళలో కాకులు ఎగిరిపోతున్నాయి.

"దేశంలో ఇదే మొదటిదా?"

"ఇంతవరకు ఏ మునిసిపాలిటీ టెండరు పిలవలేదు సార్."

సంతకం పెట్టారు. కొట్టు సీలు తీయమని రాశారు. సీలు వేసిన గుమాస్తాయే తీయాలి. అతను భోజనానికి వెళ్ళాడు. పన్నెండు కూడా కాలేదు, అయినా వెళ్ళాడు. ఎప్పుడొస్తాడని అడిగితే, భోజనానికి వెళ్ళినవాడు ఆరోజు రావడం ఆనవాయితీ కాదన్నారు.

నేను కొట్టు ముందు నిలబడ్డాను. తాళం నాది, దానిమీద లక్క మునిసిపాలిటీది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క సీలు పగలగొట్టినవాణ్ణి కాదు. ఇటుక కోసం చుట్టూ చూస్తున్నాను. అంతలో కోదండపాణి గారు స్కూటరు మీద వచ్చాడు, టేపూ కొలతల పుస్తకమూ పట్టుకుని.

"సైటు అప్పగింత ఇవాళే చేయాలండీ. ఏమాలస్యం?"

"సీలు సార్. గుమాస్తా లేడు."

"జాప్యం నా సెక్షను మీదకొస్తుందే!" అని ఆ పెద్దమనిషి స్కూటరు డిక్కీలోంచి సుత్తి తీసి, మునిసిపాలిటీ లక్కని మునిసిపాలిటీ సుత్తితో ఒక్క దెబ్బకి పగలగొట్టాడు. సిలిండర్ ఒక వైపు నేను, ఒక వైపు ఆయన పట్టుకుని ట్రాలీ ఆటోలోకి ఎత్తాం. టీచరు గారి వీధి రోడ్డు తవ్వి ఉంది కాబట్టి చివర దింపి మిగతా దూరం మోసుకెళ్ళాం.

టీచరు గారు కుర్చీలో ముందుకి వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుంది. గేజీ ముల్లు ఎర్రగీత మీద ఉంది. నేను వచ్చానని చూసింది గానీ మాట్లాడలేదు. ఆవిడ నన్ను తిట్టకుండా ఉండటం నా జీవితంలో అదే మొదటిసారి. పాతదాని రెగ్యులేటరు విప్పి కొత్త సిలిండర్‌కి పట్టాను. కోదండపాణి గారు స్పానరు అందుకుని బిగించాడు. మీట తిప్పాను. గాలిని తడిపే సీసాలో నీళ్ళు బుడబుడమన్నాయి.

అయిదు నిమిషాలు. పది నిమిషాలు. పెదవుల నలుపు తగ్గింది.

కోదండపాణి గారు గొంతు సవరించుకుని, "మేడం, నియమం ప్రకారం సైటు పొడవు వెడల్పులు..." అని టేపు తీశాడు.

"ముందు చెప్పులు బయట విడిచి రా" అంది టీచరు గారు.

అప్పుడు నేను గోడకి ఆనుకుని కింద కూర్చున్నాను.

పని ఆదేశం ఊరందరికీ వర్తించింది కాబట్టి ఊపిరి పీల్చుకోవడం ఇప్పుడు మునిసిపల్ పని. చెట్ల మీద గోనెపట్టాలు తీసి 'సామగ్రి నిల్వ కేంద్రము' అని పలకలు తగిలించారు. యోగా మాస్టారికి పూరకం మంజూరైంది. కొట్టు తెరిచాను. అవార్డుకి దరఖాస్తు వెళ్ళింది. దాంట్లో ఒక గడి ఖాళీగా ఉండిపోయింది: 'పని పూర్తయిన తేదీ'.

ఆ గడి నింపడానికే కోదండపాణి గారు నెల తర్వాత టీచరు గారింటికి వచ్చాడు. నేను అప్పుడే సిలిండర్ మారుస్తున్నాను. ఆయన ప్యాంటు మోకాళ్ళదాకా బురద. వీధి చివరినుంచి టీచరు గారి గుమ్మం దాకా రోడ్డంతా తవ్వి ఉంది. స్కూటరు రాదు, నడిచే రావాలి.

"మేడం, పని పూర్తయినట్టు సంతకం పెట్టాలి."

"పూర్తి కాలేదయ్యా. రోజూ పదివేల దెబ్బలు తగులుతూనే ఉంటాయి, రోజూ బాగుచేస్తూనే ఉంటారు. పూర్తయిందని నేను సంతకం పెట్టాల్సిన రోజున నా చేతిలో పెన్ను నిలవదు."

ఆయన ఇబ్బంది పడ్డాడు. "గడువు లేని పని పుస్తకంలో ఎక్కదు మేడం. కమిషనర్ గారు ఈ నెలాఖరుకి మూసేయమన్నారు. మూసేస్తే సామగ్రి కూడా ఆగిపోతుంది మరి."

నా చేతిలో స్పానరు ఆగింది. టీచరు గారు మాత్రం కిటికీలోంచి బయటికి చూసింది.

"ఈ వీధి రోడ్డు తవ్వి ఎన్నాళ్ళయింది?"

"పదకొండేళ్ళు మేడం."

"దాని గురించి పుస్తకంలో ఏం రాస్తున్నావు?"

"‘పని జరుగుచున్నది’ అని."

"ఎప్పటికి పూర్తవుతుందని?"

ఆయన ఆలోచించాడు. ఆ ప్రశ్న ఆయన్ని ఇంతవరకు ఎవరూ అడిగినట్టు లేదు. "ఆ గడిలో ఏమీ రాయమండీ. ఏటా పొడిగిస్తాం."

"ఎవరైనా అభ్యంతరం పెట్టారా?"

"లేదు మేడం."

"నాదీ ఆ లెక్కలోనే రాసెయ్."

కోదండపాణి గారి ముఖం విప్పారింది. "దృష్టాంతం ఉంది!" అన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, రోడ్డు పేజీ తెరిచి దానిలో ఉన్నది ఉన్నట్టు టీచరు గారి పేజీలోకి ఎక్కించాడు. ఆవిడ కింద సాక్షి సంతకం చేసి, అక్షరదోషాలు రెండు దిద్ది పుస్తకం తిరిగిచ్చింది.

"ఒక్కటే మాట బాబూ" అంది. "ఆ రోడ్డు కంటే ముందు నన్ను పూర్తి చేశావో, ఊరుకోను."

"ఆ భయం అసలు పెట్టుకోకండి మేడం" అన్నాడు ఇంజినీరు, గుండె మీద చెయ్యి వేసుకుని. "దానికి మా శాఖది పూచీ."